తెలంగాణ సాయుధ పోరాట కాలపు యువతకు ప్రేమ, చదువు, పార్టీల మధ్య ఎంచుకునే అవకాశం నిజంగా ఉండేదా?

ప్రశ్న: మూసీ ఒడ్డు

నమస్కారం. నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను. స్నేహితులం కొందరం కలిసి నిజాం పాలనకూ, దొరలకూ వ్యతిరేకంగా కమ్యూనిస్టు పార్టీ నడిపించగా 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం మీద గంటన్నర నిడివి గల నాటకం ఒకటి రాస్తున్నాము. మేము మొదట అనుకున్న కథ ఇది. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పట్నం వచ్చి చదువుకుంటున్న ఒక యువకుడికి సర్కారు కొలువు దొరికే సూచనలు కనిపిస్తుంటాయి. మేనమామ కూతురి మీద అతనికి చిన్ననాటి నుంచి మనసు ఉంటుంది. అదే సమయంలో ఊళ్లో దొర మనుషులు రైతుల మీద పడ్డారనీ, సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు తనను రమ్మంటున్నారనీ కబురు వస్తుంది. అతను నలిగిపోయి, చివరకు కొలువునూ పెళ్లినీ వదిలి దళంలో చేరుతాడు. ఆమె అతని కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

సూర్యాపేట దగ్గరి పల్లెలో ఉండే మా అమ్మమ్మకు తొంభై ఏళ్లు దాటాయి. పన్నెండు పదమూడేళ్ల వయసులో ఆమె గడ్డిమోపులో చీటీలు దాచుకొని దళానికి చేరవేసేదని మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, దాని గురించి ఆమె ఎన్నడూ వివరంగా మాట్లాడలేదు. మొన్న పండుగకు వెళ్లినప్పుడు మా నాటకం మొదటి అంకం ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా ఓపికగా విన్నది. విన్న తరువాత, ‘మమ్ముల నెవరడిగిండ్రు బిడ్డా, ఏది గావాల్నని?’ అని మాత్రం అని, లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కలం ముందుకు సాగడం లేదు. ఆదర్శం కోసం ప్రేమను, భవిష్యత్తును త్యాగం చేసిన యువకుడి కథను మనం ఎన్నో చోట్ల చదివాము, చూశాము. ఆ అచ్చు తీసుకువచ్చి ఆ కాలం మీద మేము అద్దుతున్నామా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఆ అయిదేళ్లలో ఇరవై ఏళ్ల లోపు వాళ్లు, ఆ చుట్టుపక్కల వయసు వాళ్లు దేనిని వదులుకున్నారు, ఎవరి మాట మీద వదులుకున్నారు, ఏ విషయంలో వాళ్లకు నిర్ణయం తీసుకునే వీలు ఉండేది? చదివినవారు, పెద్దల నోట విన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: పాత నోట్సు

మీ అమ్మమ్మగారి మాటను నాటకం మొదటి పేజీలోనే రాసుకోండి. నేను ఓరుగల్లులో చాలా ఏళ్లు చరిత్ర బోధించాను. విద్యార్థులు ఈ పోరాటం గురించి వ్యాసం రాసినప్పుడల్లా మీ కథానాయకుడే ఏదో ఒక పేరుతో కనిపించేవాడు. అటువంటి యువకులు లేరని నేను అనను. ఉన్నారు. అయితే వాళ్లు ఎక్కువగా పట్నంలో ఉన్నారు, చదువుకునే స్తోమత ఉన్న కుటుంబాల నుంచి వచ్చారు.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. వారిలో పలువురు నాగపూర్ వెళ్లి అక్కడ చదువు పూర్తి చేసుకోవలసి వచ్చింది. పి.వి. నరసింహారావు గారు ఆ దారిన వెళ్లినవారే. ఒక పాట పాడితే పట్టా పోతుందన్న సంగతి ఆ తరానికి అలా పద్దెనిమిది, ఇరవై ఏళ్లకే అనుభవంలోకి వచ్చింది. ఆ తరువాత కొద్ది కాలానికే హైదరాబాదులో వామపక్ష యువకుల సంఘం కామ్రేడ్స్ అసోసియేషన్ ఏర్పడింది. అందులో పనిచేసిన రాజ్ బహదూర్ గౌర్ గారు వైద్యం చదివారు. డాక్టరుగా హాయిగా గడపగలిగిన జీవితాన్ని ఆయన కార్మిక సంఘాలకూ, జైలుకూ, అజ్ఞాతవాసానికీ ఇచ్చేశారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ గారు సిటీ కాలేజీలో ఉపన్యాసకుని ఉద్యోగం చేస్తూ, 1941లో దానికి రాజీనామా ఇచ్చి పూర్తికాలం కమ్యూనిస్టు పార్టీ పనిలోకి వెళ్లారు. కొలువు, కవిత్వం, కార్యాచరణ అనే మూడింటి మధ్య నిలబడిన మనిషి మీకు కావాలంటే ఆయనను మించిన ఉదాహరణ దొరకదు. కానీ ఆయనలో మీరు అనుకున్న నలుగుబాటు కనిపించదు. పార్టీ నాయకులు రవి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన మఖ్దూమే, ఆ తరువాతి సంవత్సరాల్లో చమేలీ పందిరి కింద ప్రేమాగ్నిలో కాలిపోయిన ఇద్దరి గురించి కవిత రాశారు. ప్రేమ కవిత రాయాలంటే విప్లవాన్ని పక్కన పెట్టాలని ఆయనకు ఎన్నడూ అనిపించినట్లు లేదు. ఉర్దూ తెలిసినవారి చేత ఆ రెండు రకాల కవితలనూ ఒకే రోజు చదివించుకొని వినండి. మీ నాయకుడి సంభాషణలు తప్పకుండా మారతాయి.

ఇక పల్లెకు వస్తే, అక్కడ ‘భవిష్యత్తు’ అన్న మాటకు అర్థమే వేరు. ఉస్మానియాలో బోధన ఉర్దూలో జరిగేది. తెలుగు పల్లెలో పుట్టిన పేద పిల్లవాడికి బడి గడప దాటడమే గగనం. వాడికి సర్కారు కొలువు మీద ఆశ పుట్టే అవకాశం ఎక్కడిది? వాడి ఆశ అంతా భూమి మీదే. తన తండ్రి వెట్టి చేసిన దొర పొలంలో రెండు ఎకరాలు తన పేర దున్నుకోవాలి, దొర ఉండే గడీ ముందు నుంచి చెప్పులు వేసుకొని నడిచిపోవాలి, తన చెల్లెలిని దొర ఇంటికి దాసిగా పంపకుండా ఉండాలి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు పోరాట చరిత్ర రాస్తూ మూడు వేల గ్రామాల్లో దాదాపు పది లక్షల ఎకరాల భూమి పంపిణీ అయిందని లెక్క చెప్పారు. ఆ లెక్కను నేను ఎప్పుడు చదివినా నాకు ఎకరాలు కనిపించవు, ఆ ఎకరాలు అందుకున్న పాతికేళ్ల పాలేర్లే కనిపిస్తారు. అటువంటివాడికి స్వార్థానికీ ఉద్యమానికీ మధ్య గోడ లేదు. దళంలో చేరడమే వాడి ఎదుగుదల. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తరువాత వేలమంది కర్రలు పట్టుకొని కదిలారంటే, వాళ్లంతా తమ ఆశలను చంపుకొని వచ్చారని మనం అనుకోనక్కరలేదు. ఆశ పుట్టినందువల్లనే వచ్చారు.

ప్రేమ సంగతి కూడా ఒకటి చెప్పాలి. బాల్యంలోనే పెళ్లిళ్లు జరిగిపోయే ఆ సమాజంలో, పెద్ద కులాల ఆడవాళ్లు గడప దాటని ఆ రోజుల్లో, యువతీయువకులు ఒకరినొకరు చూసి మాట్లాడుకొని ఇష్టపడే చోటు దాదాపుగా లేదు. ఆ చోటును కల్పించినది ఉద్యమమే. సభల్లో, రాత్రి బడుల్లో, దళాల్లో మొదటిసారిగా వాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. కనుక ప్రేమను వదిలి ఉద్యమంలోకి వెళ్లిన కథ కంటే, ఉద్యమంలోకి వెళ్లినందువల్ల ప్రేమ అనేది ఒకటి ఉన్నదని తెలుసుకున్న వారి కథ ఆ కాలానికి దగ్గరగా ఉంటుంది. ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి గార్ల దాంపత్యాన్ని గమనించండి. చిన్నతనంలోనే పెళ్లయిన తరువాత ఆమె హైదరాబాదులో హాస్టలులో ఉండి చదువుకున్నారు, ఆయుధం పట్టారు, జైలుకు వెళ్లారు, 1952లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. భర్త, చదువు, ఉద్యమం ఒకదానినొకటి తోసివేయకపోగా, ఒకటి వెంట మరొకటి వచ్చిన జీవితం అది.

జవాబు: గునుగుపువ్వు

పై జవాబును శ్రద్ధగా చదివాను, నేర్చుకున్నాను. అయితే అమ్మమ్మగారు అడిగిన ప్రశ్న అందులో కొంత పక్కకు పోయిందని నాకు అనిపిస్తున్నది. ఆమె ఏది కావాలో తెలియలేదని అనలేదు. అడిగినవారు లేరన్నారు.

స్త్రీశక్తి సంఘటన వారు ఈ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను వారి మాటలుగానే నమోదు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో ప్రచురించారు. మీ బృందంలోని ప్రతి ఒక్కరూ దానిని చదవకుండా నాటకం ముందుకు తీసుకువెళ్లవద్దని నా మనవి. అందులో కమలమ్మ గారి కథనం ఉంది. దళంతో అడవిలో తిరుగుతున్న కాలంలో ఆమె చేతిలో పసిబిడ్డ ఉంది. బిడ్డ ఏడిస్తే దళమంతా పట్టుబడే ప్రమాదం ఉంది గనుక, బిడ్డతో దళంలో ఉండడం కుదరదన్నారు. ఆమె బిడ్డను వేరేవారి చేతికి అప్పగించి దళంతో వెళ్లింది. నేను ఆ పుటలను మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒడిలో బిడ్డ ఉన్నది. పుస్తకం మూసి, చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఆ తరువాత ఎన్నోసార్లు చదివాను. ప్రతిసారీ నన్ను ఆపేది ఒకే విషయం: ఆమె ముందు రెండు దారులు పెట్టిన మాట నిజమే గానీ, ఆ రెండు దారులు అవే కావాలని నిర్ణయించిన చోట ఆమె లేదు.

పురుషుడు ఉద్యోగం వదిలితే మనం త్యాగం అంటాము, ఆ మాట ఆయన పేరు పక్కన నిలిచిపోతుంది. స్త్రీ వదిలినదానికి చాలాసార్లు మనకు పేరే లేదు. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు, పెళ్లైనవారు ఒకే చోట ఉండవచ్చా, పిల్లలను కనవచ్చా అన్న విషయాలు పార్టీ నిర్ణయాలుగా ఉండేవి. దళంలో ఒక స్త్రీ, ఒక పురుషుడు చనువుగా ఉన్నారని మాట వస్తే, సంజాయిషీ ముందుగా ఎవరిని అడిగేవారో ఆ కథనాలు చదివితే అర్థమవుతుంది. అయినా ఆ స్త్రీలు ఆ కాలాన్ని తలచుకొని బాధపడుతూ మాత్రమే మాట్లాడలేదు. చదవడం, రాయడం, వేలమంది ముందు నిలబడి ఉపన్యసించడం, తుపాకి పట్టడం అక్కడే నేర్చుకున్నామని ఎంతో మురిపెంగా చెప్పారు. ఆ మురిపెం, ఆ దుఃఖం ఒకే గొంతులో వినిపించడమే ఆ పుస్తకంలోని సత్యమని నేను నమ్ముతాను. మీ నాటకంలో ఎదురుచూస్తూ కూర్చున్న మేనమామ కూతురిని నాకోసం ఒకసారి లేపి నిలబెట్టండి. ఆమె కూడా దళంలోకి వెళ్లిందనుకోండి. అప్పుడు మీ కథ దానంతట అదే మారిపోతుంది.

మరొక విషయం. నలుగుబాటు నిజంగా ఎక్కడ ఉందో వెతకాలంటే 1946 దగ్గర కంటే 1951 దగ్గర వెతకండి. ఆ సంవత్సరం అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. మల్లు స్వరాజ్యం గారు 1931లో పుట్టారు. రాజక్క అన్న పేరుతో దళంలో తిరిగారు, ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని ప్రకటించారు. పోరాటం ఆగేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్ల పిల్ల తుపాకి అప్పగించి ఎక్కడికి వెళ్లాలి? నాయకులలో చాలామందికి ఎన్నికలు ఉన్నాయి, పార్టీ కార్యాలయం ఉంది. దళాల్లో తిరిగిన సామాన్య స్త్రీలలో చాలామందికి దొరికిన సమాధానం ఇంటికి వెళ్లి సంసారం చూసుకోమన్నదే. స్వరాజ్యం గారు ఆ తరువాత రెండుసార్లు తుంగతుర్తి శాసనసభ్యురాలు కాగలిగారు. ఆమె వెంట నడిచిన వారందరికీ అది సాధ్యం కాలేదు. అడవిలో మగవాళ్లతో సమానంగా బతికి వచ్చిన మనిషిని తిరిగి పొయ్యి ముందు కూర్చోబెట్టిన ఆ మొదటి సాయంత్రాన్ని ఎవరైనా రంగస్థలం మీద చూపించాలని ఎన్నాళ్లుగానో నాకు కోరిక.

జవాబు: కృష్ణ దాటిన తరువాత

నేను కృష్ణా జిల్లాలో పార్టీ కుటుంబంలో పుట్టి పెరిగినవాడిని. పోరాట కాలంలో మా తాతగారి ఇల్లు కృష్ణ అవతలి నిజాం ప్రాంతం నుంచి వచ్చేవారికి డెన్‌గా, అంటే రహస్య స్థావరంగా ఉండేది. గునుగుపువ్వు గారు చెప్పిన బాధను నేను తక్కువ చేయను. కానీ అప్పటి పరిస్థితిని కూడా దృష్టిలో పెట్టుకొని మాట్లాడుకోవాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయిన తరువాత, దళాలు తమకంటే ఎన్నో రెట్లు పెద్ద బలగం ముందు అడవులకు తరలవలసి వచ్చింది. పదిమంది దళం రాత్రంతా నడిచి తెల్లవారేసరికి ఒక గుట్ట చాటున పడుకుంటే, ఒక్క ఏడుపు పదిమంది ప్రాణాలు తీయగలదు. ఈ పోరాటంలో నాలుగు వేలమంది చనిపోయారని సుందరయ్య గారే రాశారు. ఆ గుట్ట చాటున నిర్ణయం తీసుకోవలసిన దళ నాయకుడికి కూడా బహుశా ఇరవై అయిదేళ్లే ఉండి ఉంటాయి. అతనిది కఠిన హృదయమని నేను అనలేను.

ఇంకొక సంగతి, నాయకులు తాము పాటించని నియమాన్ని ఇతరుల మీద రుద్దారన్నది అందరి విషయంలో నిజం కాదు. సుందరయ్య గారు, లీల గారు 1943లో పెళ్లి చేసుకున్నారు. పిల్లలుంటే ఉద్యమానికి పూర్తిగా అంకితం కాలేమని ఇద్దరూ అనుకున్నారు, ఆయనే శస్త్రచికిత్స చేయించుకున్నారు. తనకు వచ్చిన ఆస్తిని కూడా ఆయన పంచివేశారు. పదిహేడేళ్ల వయసులో మద్రాసు లయోలా కాలేజీ చదువు వదిలి 1930 ఉప్పు సత్యాగ్రహ ఉద్యమంలోకి దూకి జైలుకు వెళ్లిన మనిషి ఆయన. మా ఇంట్లో ఆయన పేరు దేవుడి పేరులా పలికేవారు. దానిలో కొంత అతి ఉన్నదని పెద్దయ్యాక నాకు తెలిసింది, అయినా ఆ నిజాయితీ ముందు నేను ఈనాటికీ తల వంచుతాను.

జవాబు: గునుగుపువ్వు

నేనూ తల వంచుతానండీ, అందులో మన ఇద్దరికీ తేడా లేదు. మీరు చెప్పిన ఉదాహరణే నా మాటను మరింత స్పష్టం చేస్తున్నది. సుందరయ్య గారు, లీల గారు చదువుకున్నవారు, ఇద్దరు పెద్దవాళ్లు, ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొని ఒక నిర్ణయానికి వచ్చారు, దాని భారాన్ని ఆయన తన శరీరం మీద వేసుకున్నారు. నలుగుబాటు అని మనం పిలిచేదానికి అంత మాత్రపు తీరిక, గౌరవం అవసరం. వెట్టి బతుకు నుంచి వచ్చిన కమలమ్మ గారికి ఆ తీరిక ఎవరు ఇచ్చారు? గుట్ట చాటున ఆ రాత్రి అంతకంటే దారి లేదని నేను ఒప్పుకుంటాను. కానీ 1951 తరువాత పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాయి కదా. అప్పుడు తుపాకులు లేవు, వెంటాడేవారు లేరు. అప్పుడైనా ఎవరో ఒకరు వెళ్లి ఆమె పక్కన కూర్చొని, ‘అమ్మా, నీకు ఏమి కావాలనిపించింది?’ అని అడిగి ఉండవలసింది. మూడున్నర దశాబ్దాల తరువాత ఒక మహిళా సంఘం వారు టేప్ రికార్డరు పట్టుకొని వెళ్లేదాకా ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదన్నదే నా బాధ.

జవాబు: పాత నోట్సు

నా జవాబులో మీ అమ్మమ్మగారి ప్రశ్న పక్కకు పోయిన మాట నిజం. ఉద్యమం ప్రేమకు చోటు కల్పించిందని రాసి ఊరుకున్నాను. ఆ చోటుకు తాళం ఎవరి చేతిలో ఉండేదో కూడా రాయవలసింది.

విరమణ గురించి ఒక్క వివరం చేరుస్తాను, నాటకానికి పనికి వస్తుంది. సైన్యం వచ్చిన తరువాత పోరాటం కొనసాగించాలా, ఆపాలా అన్నదాని మీద పార్టీలోనే తీవ్రమైన విభేదం వచ్చింది. ఆపాలన్నవారిలో రవి నారాయణరెడ్డి గారు ఒకరు. పార్టీ మీద నిషేధం ఉన్నందువల్ల పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో 1952లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి పోటీ చేసి, నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. బయటి నుంచి చూస్తే అది ఘన విజయం. అదే రోజుల్లో అడవి నుంచి తిరిగి వచ్చి, తనకు పంచిన భూమి మళ్లీ దొర చేతికి పోవడం చూసిన కుర్రవాడి కంటితో చూడండి. ఒకే ఊళ్లో ఒకే సాయంత్రం ఈ రెండూ జరిగినట్లు రాయగలిగితే చాలు, మీకు వేరే ప్రతినాయకుడి అవసరం ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: మూసీ ఒడ్డు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ అచ్చు తీసుకొని మా బృందం కూర్చొని చదివింది. ఇద్దరు మిత్రులకు పాత కథ వదులుకోవడం ఇష్టం లేక కొంత వాదన జరిగింది, ఒకరు అలిగి వెళ్లి మరునాడు తిరిగి వచ్చారు. చివరకు నాటకాన్ని 1951 అక్టోబరులో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాము. దళం నుంచి తిరిగి వచ్చిన ఒక అమ్మాయి వదినగారి వంటింట్లో కూర్చొని ఉంటుంది, బయట అరుగు మీద మగవాళ్లు రాబోయే ఎన్నికల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. పట్నంలో చదువుకున్న యువకుడిని పూర్తిగా తీసివేయలేదు. అతను ఇప్పుడు ఆమెకు చదువు చెప్పిన రాత్రి బడి పంతులు. వాళ్లిద్దరి మధ్య ఇష్టం ఉన్నదా లేదా అన్నది ఆమె నోటితోనే చెప్పించాలని అనుకుంటున్నాము, ఆ సంభాషణ ఇంకా కుదరలేదు.

నిన్న ఆదివారం మళ్లీ ఊరికి వెళ్లాను. నాటకం ఊసు ఎత్తకుండా అమ్మమ్మ పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ, అప్పుడు నీకు ఏమి కావాలని ఉండేది అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. విననట్లుందని నేను అనుకుంటుండగా, ‘ఆ చీటీల ఏం రాసున్నదో సదవాల్నని ఉండె’ అన్నది. రెండేళ్లకు పైగా ప్రాణానికి తెగించి మోసిన కాగితాల్లో ఒక్క అక్షరం కూడా ఆమెకు తెలియదు. రాత్రి బడి వాళ్ల ఊరికి రాకముందే పోలీసు క్యాంపు వచ్చిందట.

ఇప్పుడు నాకు ఒక చిన్న వివరం కావాలి. ఆ చీటీలు ఎటువంటి కాగితం మీద, ఎంత పరిమాణంలో, పెన్సిలుతోనా సిరాతోనా రాసేవారు? పేర్లకు బదులు గుర్తులు ఏమైనా వాడేవారా? ఎవరి ఇంట్లోనైనా పెద్దలు చెప్పి ఉంటే ఇక్కడ రాయండి. రంగస్థలం మీద ఆమె చేతిలో పెట్టే చీటీ మా అమ్మమ్మ చూసి గుర్తుపట్టేలా ఉండాలని నా కోరిక.